మైకు మా వైపు తిప్పాడు

అంతా అనుకున్నట్టే జరుగుతోంది కదే, మధ్యలో నువ్వెందుకు పాడావు?

వద్దు, నోరు తెరవకు. నాలుగు రోజుల్లో గొంతు మామూలవుతుందట, అప్పటిదాకా గుసగుస కూడా పనికిరాదన్నాడు డాక్టరు. ఆ వేడినీళ్ళు కొద్దికొద్దిగా తాగుతూ కూర్చో. మాట్లాడే పని నేను చూసుకుంటాను. గొంతున్న రోజుల్లో మాత్రం ఈ పార్లర్లో నీకు సందు దొరికిందా ఏమిటి.

సొంత చెల్లెలివి కాబట్టి మొహం మీదే అడుగుతున్నాను. ఇంకెవరైనా నా పని ఇలా చెడగొట్టి ఉంటే, వాళ్ళ సంగతి ఈపాటికి వీధి చివరిదాకా వెళ్ళి, కాస్త ఒళ్ళు చేసి, తిరిగొచ్చి ఉండేది.

నీకు తెలిసిన కథే. అయినా మళ్ళీ చెప్తాను. చెప్తేగానీ నా కడుపుమంట చల్లారదు.

ఆ పాట ఎక్కడ పుట్టింది? ఈ గుమ్మం మీద. మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు ఇక్కడ కూర్చుని, తువ్వాళ్ళు మడతపెడుతూ కట్టావు. "తలుపు తీసే ఉంచాను, రా" అని పైకెత్తి పాడేదానివి చూడు, ఎదురుగా టైర్ల షాపాయన గాలి కొట్టడం ఆపేసేవాడు. బండి అక్కడ పెట్టి కాచుకున్నవాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. నువ్వు చేరిన బ్యాండేమో, ఏ కంపెనీ అండా లేకుండా పాత ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో గిటార్లు వాయించుకునే రాక్ బ్యాండు. వాళ్ళని పక్క వీధివాళ్ళు కూడా పట్టించుకునేవాళ్ళు కాదు. పట్టించుకున్నది ఈ పాట విన్నాకే.

పల్లవిలో మొదటి సగం పాడేది బ్యాండు నడిపే నెమలిగాడు, రెండో సగం నువ్వు. నెమలి అని పేరు పెట్టింది నేనే, కాదనను. పాడేముందు వాడు జుట్టు సర్దుకునేలోపు ఇంకో బ్యాండువాళ్ళు ఒక పాట పాడేసి దిగిపోవచ్చు.

పేరు వస్తోందని తెలియగానే ఏం చేశాడు? ఏరు దాటి తెప్ప తగలేశాడు. అదైనా తను వచ్చి చెప్పాడా? డ్రమ్ములు వాయించే మౌనిని పంపించాడు. ఆ అబ్బాయి పుట్టాక అమ్మా అన్నాడో లేదో కూడా నాకు అనుమానమే. వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, జుట్టు కత్తిరించుకుని, దులుపుకుని, గుమ్మం దాకా వెళ్ళి అప్పుడన్నాడు. "చెల్లిని రేపట్నుంచి రానక్కర్లేదన్నాడక్కా. సౌండు మారుస్తున్నాం."

నువ్వు వాడి జుట్టే ఊడుస్తున్నావు. తల ఎత్తలేదు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చావు. ఆ రోజు నుంచి నిన్నటిదాకా నీ నోట కూనిరాగం కూడా వినలేదు నేను.

నీ గొంతున్న రికార్డింగు అన్నిచోట్లా తీసేయించాడు. నా ఫోన్లో ఉన్నదొక్కటే మిగిలింది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్తే అడుక్కున్నట్టు ఉంటుందన్నావు, నా చేత ఒట్టు పెట్టించుకున్నావు. ఈ జన్మలో నేను దాచిన రహస్యం అదొక్కటే. దాని దెబ్బకి నాకు అరగడం మానేసింది.

ఇక్కడితో ఊరుకున్నాడా? నువ్వు లేకుండా మొదటిసారి ఆ పాట ఎత్తుకున్నాడు. నీ వంతు వచ్చింది. వాడి గొంతు అంత ఎత్తు ఎక్కదు. భయమేసి మైకు జనం వైపు తిప్పాడు. వినీవినీ జనానికి నోటికొచ్చిన ముక్కే కదా, పాడేశారు. ఇక మర్నాటి నుంచి ఒకటే పొగడ్త. మనకోసం చోటు వదిలాడట. అభిమానులంటే అంత ప్రాణమట. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే, ఊరంతా అల్లుడి చుట్టూ చేరినట్టు.

అప్పట్నుంచి చేరినవాళ్ళే ఇప్పుడున్న అభిమానులంతా. "ఇది మా చోటు" అని చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు. మందుల షాపు అమ్మాయి ఆ చొక్కా వేసుకొచ్చి, వెనక్కి తిరిగి మరీ నీకు చూపించింది. నువ్వేమో బాగుందన్నావు. రంగు కూడా బాగా నప్పిందన్నావు.

అందుకే, ఈసారి షో ఉందని పోస్టర్లు పడగానే నేను నిశ్చయం చేసుకున్నాను. ఒట్టు తప్పాను, అవును. ఆ ఒట్టు పెట్టింది కూడా మీ బావ తల మీదేలే. ఆయనకేం కాలేదు, లోపల పడుకుని గురక పెడుతున్నాడు, విను.

వీళ్ళ పద్ధతి నీకు తెలుసు కదా. షోకి వెళ్ళాలంటే ఎడమ చెవి పైన నీలం పాయ ఉండాలి. అది లేనివాణ్ణి దారి తప్పి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. చుట్టుపక్కల ఆ నీలం వేసేది నేనొక్కదాన్నే. అందరూ ఈ కుర్చీకే రావాలి, తల నాకే అప్పగించాలి. మీ బావ కూడా వచ్చి కూర్చున్నాడు, నాకూ వెయ్యమని. వెయ్యడానికి జుట్టేదీ. చెవికి వేసి పంపించాను.

తల ఒకరి చేతుల్లో ఉండి, చెవి పక్కన కత్తెర ఆడుతుంటే మనిషి ఎంత శ్రద్ధగా వింటాడో చూడాలి. ఒక్కొక్కరికీ చెప్పాను, ఆ చోటు మీది కాదు, నా చెల్లెలిదని. జిమ్ మాస్టారు నమ్మలేదు. ఆయనకి పాట పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసట, అందులో ఆడగొంతు ఎప్పుడూ లేదట. ఫోను తీసి వినిపించాను. అంత కండలున్న మనిషి, రంగు కంట్లో పడిందని కళ్ళు తుడుచుకున్నాడు. రంగు ఇంకా డబ్బాలోనే ఉంది.

నేను అడిగింది ఏపాటిది? తిట్టొద్దు, అరవొద్దు, ఏమీ విసరొద్దు. వాడు మైకు తిప్పినప్పుడు నోరు మూసుకోండి, అంతే. రంగు వేయించుకున్నవాళ్ళు వేయించుకోనివాళ్ళకి చెప్పారు. నేను వదిలిన మాట ఎంత దూరం నడుస్తుందో నీకు వేరే చెప్పాలా.

నిన్న సాయంత్రం షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. రేకుల కంతల్లోంచి ఇంకా ఎండ పడుతోంది. ఎటు చూసినా నీలం పాయలే. నా పక్కన మీ బావ, నీలం చెవితో. నువ్వు తలనొప్పి, రానన్నావు. నేనూ బలవంతపెట్టలేదు. నువ్వు లేకపోతేనే నాకు చేతులాడతాయనుకున్నాను.

ముందు పాటలన్నీ మామూలుగా సాగాయి. అనుమానం రాకూడదని నేనూ తల ఊపాను. పక్కనున్న కుర్రది నన్ను చూసి, ఆంటీకి బాగా ఎక్కిందే అంది. ఎక్కింది పాట కాదని ఆ పిల్లకేం తెలుసు.

తర్వాత ఆ పాట. వాడు తన సగం పాడాడు. కళ్ళు మూసుకున్నాడు. మైకు మా వైపు తిప్పాడు.

ఏమీ లేదు.

ఎలా ఉందో చెప్పడం నాకు చేతకావడం లేదు. నాకే. గిటారు మోగుతోంది, డ్రమ్ము పడుతోంది, మనిషి గొంతు మాత్రం లేదు. వాడు ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. మైకు పాడైందేమోనని వేలితో కొట్టి చూశాడు. అది బాగానే ఉంది. వినిపించడం లేదని నవ్వుతూ చెప్పి, మళ్ళీ మొదటి సగం పాడి, మళ్ళీ తిప్పాడు. షెడ్డు నిండా జనం, పెదాలు బిగించి వాడి మొహంలోకే చూస్తున్నారు. మందుల షాపు అమ్మాయి అలవాటు కొద్దీ వచ్చేస్తుందేమోనని రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇక లాభం లేదని వాడే ఎత్తుకున్నాడు. గొంతు పైకెక్కబోయి జారిపడింది. జుట్టు నుదుటి మీదికొస్తే సర్దుకోవడం కూడా మర్చిపోయాడు.

ఆ మొహం చూడాలనే కదే ఇన్నాళ్ళూ కాచుకున్నాను. ఇంకాసేపు అలా ఉండనిస్తే స్టేజీ దిగిపోయేవాడు.

అప్పుడు వెనక గోడ దగ్గర్నుంచి వినిపించింది.

ఎవరా అని నేను తిరిగి చూడక్కర్లేకపోయింది. తలనొప్పన్నదానివి ఎప్పుడొచ్చి నిలబడ్డావో, మైకు లేదు, ఏమీ లేదు, రేకులు అదిరేలా పాడావు. జనమంతా అటు తిరిగారు, నీ ముందున్నవాళ్ళు దారిచ్చారు. మౌని కొట్టడం ఆపేసి, పుల్లలు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. పాట అయ్యేదాకా నువ్వు గొంతు దించలేదు. అన్నాళ్ళు పాడని గొంతు, అంత హోరు మీద. పోదా మరి?

వాడి మీద జాలి పడ్డావా? కాదా? మరి? తల అంతలా ఊపకు, నీళ్ళు ఒలుకుతున్నాయి.

సరే, ఎందుకు పాడినా పాడావు. తర్వాతేమైందో నువ్వు చూడలేదు, పక్క తలుపులోంచి వెళ్ళిపోయావు. వాడు నీ వైపు రెండు చేతులూ చాచాడు, ఇదంతా తనే ఏర్పాటు చేసినట్టు. నడుం వంచి దండం పెట్టాడు. జనం వెర్రెత్తిపోయారు. ఇలాంటి షో పుట్టాక చూడలేదట. పొద్దున్నే మందుల షాపు అమ్మాయి వచ్చి నన్ను కావలించుకుంది. నోరు మూసుకోమని ఎందుకన్నానో ఇప్పుడర్థమైందట, నేనూ ఆ స్టేజీ మీదాయనా కలిసి ఎంత బాగా ప్లాన్ చేశామో అంది. నేనూ ఆయనా. జిమ్ మాస్టారైతే వాడి మనసు వెన్న అన్నాడు. పగ తీర్చుకుందామని వెళ్ళి వాడికి పట్టాభిషేకం చేసొచ్చాను.

ఇంకోటి ఉంది. నీకు చెప్పలేదు. నువ్వు డాక్టరు దగ్గర ఉన్నప్పుడు వాడొచ్చాడు.

అలా చూడకు. నెమలిగాడే. చివర్లు కొంచెం సరిచెయ్యమని ఆ కుర్చీలో కూర్చున్నాడు. నా వైపు కాదు, అద్దంలో తనవైపు చూసుకుంటూ మాట్లాడాడు. జరిగిందేదో జరిగిపోయిందన్నాడు. చేసినవాళ్ళు ఎప్పుడూ అదే అంటారు. శనివారం పెద్ద ఊళ్ళో, పెద్ద హాల్లో షో ఉందట. ఈసారి నోరు మూసుకోమని జనానికి తనే చెప్తాడట. దీపాలార్పిస్తాడట. చీకట్లో జనం వెనక నుంచి నువ్వు పాడాలట. ఇక మీదట ఏ ఊళ్ళో అయినా అంతేనట. అదేదో స్టేజీ మీదే పాడొచ్చు కదా బాబూ అన్నాను.

"వద్దక్కా. తను వెనకే ఉండాలి. అదే అందం."

విన్నావా? అదే అందమట.

కత్తెర నా చేతిలోనే ఉంది. వాడి కుచ్చు నా వేళ్ళ మధ్యే ఉంది. కత్తిరించలేదు. జుట్టుదేముంది, మళ్ళీ మొలుస్తుంది. అడిగినట్టే చివర్లు సరిచేసి, మెడ మీద పౌడరు కూడా అద్ది, వస్తుందని చెప్పాను. నీ తరఫున మాటిచ్చేశాను.

ఎందుకిచ్చానో విను. శనివారం వాడు అంత జనాన్నీ నోరు మూసుకోమంటాడు. దీపాలార్పిస్తాడు. మైకు చాచి నిలబడతాడు. నువ్వేమో ఇక్కడ తువ్వాళ్ళు మడతపెడుతూ ఉంటావు. నిన్నటిది నేను చేసింది, శనివారంది వాడు కోరి తెచ్చుకున్నదవుతుంది. ఎవరూ వచ్చి కాపాడరు. నిన్ను అడక్కుండా మాటివ్వడం తప్పే. ఆ మాట తప్పే పని కూడా నీ మీదే పెడుతున్నాను. వెళ్ళకు, అంతే.

ఎందుకు నవ్వుతావు?

వెళ్తావా? వెనక నిలబడి పాడి, చీకట్లోంచి చీకట్లోకే వచ్చేస్తావా? రోషం అనేది మన అమ్మ మొత్తం నాకే పెట్టేసి...

ఆగు. ఆ గ్లాసు పక్కన పెట్టి చూపించు.

ఈ దువ్వెన ఏమిటి? స్టేజీ. సరే. నీ రెండు వేళ్ళు, నువ్వు. బల్ల ఈ చివర ఉన్నావు, అంటే వెనక గోడ. పాడుతున్నావు. ఊఁ. నడుస్తున్నావు. పాడుతూనే నడుస్తున్నావు. జనం దారిస్తారు, ఎందుకివ్వరు, నిన్నా ఇచ్చారు. నిన్ను ఆపాలంటే వాడు అందరి ముందూ ఆ పాట ఆపాలి. ఎలా ఆపుతాడు? చేతులు చాచి నవ్వుతూ నిలబడాల్సిందే. దువ్వెన ఎక్కేశావు. ఈ క్లిప్పు నెమలిగాడా? దాని దగ్గర మైకు తీసుకున్నావు.

మొదటి సగం కూడా నువ్వే పాడతావా?

క్లిప్పు కిందపడింది. పడనీ, తియ్యకు.

ఇది ఎప్పుడనుకున్నావే? నిన్న పాడుతున్నప్పుడా? వాళ్ళు పక్కకి జరిగి దారిచ్చినప్పుడా? ఓసి నీ. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పగ పట్టడం నాకొక్కదానికే వచ్చనుకున్నాను. నాది ఉత్త నోటి పగ. నువ్వు తువ్వాళ్ళతో పాటు దాన్ని కూడా మడతపెట్టి దాచావు. నాకు కోపం మాత్రమే ఇచ్చి, నీకు కోపంతో పాటు గొంతు కూడా ఇచ్చాడు దేవుడు. న్యాయమేనా అది?

శనివారం పార్లర్ మూసేస్తాను. ముందు వరసలో నిలబడతాను. మీ బావని తీసుకురాను, ఆ చెవి నీలం ఇంకా వదల్లేదు.

ఒక్కటే కష్టం. ఇది ఎవరికీ చెప్పకూడదు కదూ. శనివారం దాకా. నీకేం, డాక్టరే నోరు కట్టేశాడు, హాయిగా ఊరుకుంటావు. నేనెలా ఊరుకోనే?

అదిగో, మందుల షాపు అమ్మాయి మళ్ళీ ఇటే వస్తోంది. లేచి నా పక్కన నిలబడు. నేను నోరు తెరిస్తే కాలు తొక్కు.