గోడ మీద స్టార్టరు

"అవ్వా, ఈ గోడకు ఇన్ని బొక్కలేంది?"

లైటు బిగించేది తర్వాత, స్టూలు మీద రోంత గట్టిగా నిలబడుకో ముందు, పడేవు. అవన్నీ మీ తాత కొట్టినవే. ఒక ట్యూబ్‌లైటుకు అన్ని బొక్కలు. ఆయప్ప తప్పు కాదులే, నాది.

మీ తాత, వాళ్ల తమ్ముడు వేరుపడినాక వాకిట్లో మనిషెత్తు గోడ లేపినారు. బోరు నీళ్ల వంతుల కాడ మాటామాటా పెరిగింది. శెనక్కాయ చేను ఎండిపోతాంటే ఎవురికి మాత్రం ఓపికుంటాది చెప్పు. మగోళ్లు మాట్లాడేది మానేసినారని నేను, నా తోడికోడలు లక్షుమమ్మ గూడా మానేసినాము. మాకేం కొట్లాటో మాకు తెల్దు. రెండేండ్లు.

ఒక పొద్దు మా లైటు ఎలగలేదు. కొనలు ఎర్రగయితాది, కొట్టుకుంటాది, అంతే. స్టార్టరు పోయింది. ఆ బొటనవేలంత డబ్బీ ఉండాదే, అది. ఎలిగేంత వరకే దాంతో పని, ఎలిగినాక పీకేసినా లైటు ఆరిపోదు. కలిసున్నప్పుడు రెండు రూములకు ఒక్కటే వాడినాము మేము. చూస్తే వాకిట్లో గోడ మీద చెయ్యొకటి కనపడింది. గాజులు లక్షుమమ్మవే. స్టార్టరు పెట్టి పోయింది. నేను ఏసుకోని, ఎలిగినాక మళ్లా గోడ మీదే పెట్టినా. మాటా లేదు, పలుకూ లేదు.

అట్లా రోజూ. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా.

నాలుగు దినాలకు మీ తాత కదిరికి పోయి కొత్తది తెచ్చినాడు. ఆరు రూపాయలు... ఆరు కాదు, ఐదే. ఏసినాడు, ఎలిగింది. తెల్లారి ఆయప్ప చేనికి పోతానే దాన్ని పీకి మెంతుల డబ్బాలో దాచి, చెడిపోయిందే మళ్లా పెట్టినా. ఎందుకంటావా? నాకు లక్షుమమ్మ కావల్ల. నోరు తెరిచి పిలిచేకి రోషం.

పాపం, మీ తాత హోల్డరు మార్చినాడు. చోకు మార్చినాడు. పట్టీ పీకి ఆ పక్క బిగించినాడు, ఆడా ఎలగలేదని ఈ పక్క. నువ్వు కాళ్లు కడుక్కో పో, నేను చూస్తా అంటాంటి. వచ్చేతలికి లక్షుమమ్మ స్టార్టరుతో ఎలుగుతాండె. కడాకు ఇంటికి వాస్తు బాగలేదన్నాడు. ఉండొచ్చు అన్నా.

రెండు నెలలయినాక ఒక పొద్దు గోడ మీద స్టార్టరు లేదు. వాళ్లింట్లో గూడా చీకటే. చెడిపోయిందో, నా మీద ఇసుగే పుట్టిందో. బయమైంది. డబ్బాలోది కొంగున ముడేసుకోని ఈది దావన పోయినా. లక్షుమమ్మ చాప మీద పడుకోనుండాది, ఒళ్లు కాలిపోతాండాది. లైటు ఏసేకి గూడా లేయలేదు. నేను స్విచ్చేసినా, ఎలిగింది. ఆ వెలుగులో నా కొంగు ముడి చూసింది.

"బావ దాన్ని కొనేటప్పుడు మా ఆయప్ప ఆ అంగట్లోనే ఉన్నాడక్కా," అనింది. "నీకాడ ఉండాదని నాకు మొదట్నించీ తెలుసు."

"తెలిసీ ఎందుకు పెడతాంటివే?"

"నువ్వు తీసుకుంటాంటివి గదా."

గంజి కాంచి తాపినా. తాగతా ఆయమ్మ ఏడ్చింది, తాపతా నేను ఏడ్చినా. మగోళ్లు మాట్లాడుకునేకి ఇంగో ఏడాది పట్టింది. వాళ్లకు స్టార్టరు లేకపోయె.

దిగు తల్లీ, దిగు. పెండ్లయి నువ్వు పోయే ఇంట్లో నీకూ అట్లాంటి తోడికోడలు దొరకల్ల...