పది లెక్కపెట్టేలోపు

చర్చి వెనక, పాత కుర్చీలు దొంతరగా పేర్చిన చిన్న గది. ఆదివారపు బడి టీచరు నేల మీద మోకాళ్ళూని ఉంది. ఎదురుగా ఆరేళ్ళ పాప, పిట్ట, పెదాలు బిగించుకుని. గుమ్మం దగ్గర టీచరు కూతురు బంతి, గొర్రెల కాపరి వేషంలో, అంటించిన గడ్డంతో. గోడ అవతల పెద్దవాళ్ళ పాట సాగుతోంది; పాటకీ పాటకీ మధ్య కీబోర్డు వాయించే బ్రదర్ వచ్చి తలుపులోంచి తొంగి చూస్తున్నాడు.

"ఇంకోసారి చేద్దాం. బంతీ, చెయ్యి చాపు. ఆ చెయ్యి కాదు, కర్ర లేని చెయ్యి. ఊఁ, అడుగు."

"పిట్టా, నన్ను క్షమిస్తావా?"

"ఇప్పుడు నీ వంతు, పిట్టా."

"..."

"ఒక్క మాట. 'క్షమించాను' అనాలి, అంతే. దానికెందుకంత ఆలోచన?"

"దాహం వేస్తోంది టీచర్."

"ఇందాకేగా తాగావు."

"మళ్ళీ వేస్తోంది."

"చెప్పాక తాగుదువుగాని."

"బంతి గడ్డం ఊడిపోతోంది టీచర్."

"గడ్డం గొడవ నీకెందుకు? బంతీ, పీక్కోకు, జిగురింకా ఆరలేదు."

"దురదగా ఉందమ్మా."

"క్లాసులో అమ్మా అనొద్దని చెప్పానా?"

"దురదగా ఉంది టీచర్."

"ఓర్చుకో. నేను ఓర్చుకోవట్లేదూ?"

"సిస్టర్, అయ్యిందా? పాస్టరుగారు మాటిమాటికీ ఇటే చూస్తున్నారు."

"అయిపోవచ్చింది బ్రదర్. ఇంకొక్క పాట వాయించండి."

"వాయించిందే వాయిస్తున్నానండీ. ఇంకోసారి అదే పాటంటే కీబోర్డు లాక్కుని నన్ను బయటికి పంపేస్తారు."

"ఈ ఒక్కసారికి కానివ్వండి. ఆ తలుపు దగ్గరికి వేసెళ్ళండి... విన్నావా పిట్టా? బయట మీ అమ్మా నాన్నా కూర్చున్నారు. మీ తాతయ్య ముందు వరసలో, మెళ్ళో కెమెరా వేసుకుని. మిగతా పిల్లలంతా అట్ట గొర్రెలు పట్టుకుని వరసలో నిలబడి కాళ్ళు నొప్పులంటున్నారు. నీ ఒక్కదాని వల్ల మొత్తం ఆగిపోయింది."

"నా దగ్గర గొర్రె లేదుగా."

"కొత్తది చేసిచ్చానుగా."

"దానికి తోక లేదు."

"తోక లేకపోతే ఏం? అంత దూరం నుంచి ఎవరు చూస్తారు?"

"గొర్రెకి తెలుస్తుంది కదా."

"ఏంటి తెలిసేది?"

"తోక లేదని."

"అబ్బబ్బా. పిట్టా, నిన్ను బతిమాలుకుంటున్నా. పోయిన ఆదివారం సంగతి ఇంకా మనసులో పెట్టుకుని కూర్చున్నావా?"

"నా గొర్రెకి వంద దూది ఉండలు అంటించా. ఒక్కొక్కటీ లెక్కపెట్టి అంటించా. బంతి అన్నీ పీకేసి గడ్డం చేసుకుంది."

"గడ్డానికి దూది వెతుక్కోమని అమ్మే చెప్పింది."

"పెట్టెలో వెతుక్కోమన్నానే బంతీ. పిట్ట గొర్రె మీద వెతుక్కోమన్నానా?"

"పెట్టె ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉంటే నాకొచ్చి చెప్పాలి."

"నువ్వు ఫోన్లో మాట్లాడుతున్నావు. రెండుసార్లు కొంగు లాగాను. పోవే అన్నావు."

"సరే, సరే. తప్పే. అది చేసింది తప్పే, పిట్టా. సారీ చెప్పింది కదా మరి?"

"చెప్పింది."

"నీకు కొత్త గొర్రె కూడా వచ్చింది కదా?"

"తోక లేనిది."

"తోక లేనిదే, వచ్చింది కదా? మరి మన క్లాసు రూలు ఏంటి? తప్పు చేసినవాళ్ళు చెయ్యి చాపి అడగాలి. మిగతా పిల్లలు పది లెక్కపెట్టాలి. పది అయ్యేలోపు రెండోవాళ్ళు ఏమనాలి?"

"క్షమించాను అనాలి."

"చూశావా, అన్నావు. అదే మాట బంతి వైపు తిరిగి అను. అనవూ? పోనీ, బంతి లెక్కపెడుతుంది. బంతీ, మెల్లిగా."

"ఒకటి. రెండు. మూడు నాలుగు ఐదు..."

"మెల్లిగా అన్నానా?"

"ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది. టీచర్, చెప్పలేదు."

"చెప్పలేదని నాకూ తెలుసే. ఇంక నా వల్ల కాదు తల్లీ. ఎందరికో చెప్పాను ఈ పాఠం, ఇంత మొండిదాన్ని చూడలేదు. జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకున్నవాళ్ళు కూడా మూడు అనేలోపు చెప్పేసి ఆటకి పరిగెడతారు. ఈరోజు కార్యక్రమమంతా క్షమాపణ మీదే. మీరిద్దరూ అందరి ముందూ నిలబడి ఆ రెండు ముక్కలూ అంటే తప్ప మిగతాదానికి అర్థం లేదు. ఏం, నీకు బంతి మీద అంత కోపమా?"

"లేదు."

"లేదా?"

"కోపం లేదు టీచర్."

"కోపం లేకపోతే చెప్పడానికేం అడ్డం?"

"చెప్పకూడదు."

"ఎవరన్నారు చెప్పకూడదని? మీ అమ్మ అందా?"

"కాదు."

"మీ నాన్న?"

"కాదు. బంతీ, నువ్వు చెప్పకు."

"నేను చెప్పట్లేదుగా."

"ఓహో. ఏంటది? ఇద్దరూ కలిసి నా దగ్గర ఏం దాస్తున్నారు? బంతీ, ఇటు చూడు."

"గడ్డం నోట్లోకొస్తోంది టీచర్."

"రానీ. చెప్పు."

"పిట్ట నన్ను క్షమించేసింది."

"ఎప్పుడు?"

"పోయిన ఆదివారమే. క్లాసయ్యాక, బయట మెట్ల మీద చెప్పులేసుకునేటప్పుడు. నా చెప్పు పట్టీ కూడా పెట్టింది. నాకు రాదుగా."

"చెప్పొద్దన్నానా బంతీ?"

"అమ్మ అడిగింది మరి."

"ఆగండి, ఆగండి. అప్పుడే క్షమించేశావా? అయితే ఇంతసేపూ నా ప్రాణం తోడేస్తున్నావెందుకే? ఆ మెట్ల మీద అన్న మాటే అక్కడ అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అది చెల్లదు."

"ఏది చెల్లదు?"

"మెట్ల మీద చెప్పింది. పది అయిపోయాక చెప్పాగా. పది దాటితే చెల్లదని మీరే అన్నారు."

"నేనా?"

"మీరే. పిల్లలందరూ గట్టిగా లెక్కపెట్టారు. నాకేమో ఏడుపొస్తోంది, మాట రావట్లేదు. పది అన్నారు అందరూ. నేను 'క్ష' అన్నా. మీరు 'ఇంక చెల్లదు, పో' అన్నారు. ఆ మూలకి పంపారు, గొడుగుల దగ్గరికి."

"అది... ఏదో తొందరలో..."

"గొడుగులన్నీ తడిగా ఉన్నాయి. గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. నా గౌను తడిసిపోయింది."

"మీ అమ్మ అడగలేదా, ఎందుకు తడిసిందని?"

"వాన కదా టీచర్. అందరి గౌనులూ తడిశాయి."

"ఇంకోటి కూడా అన్నావమ్మా."

"నువ్వుండవే బంతీ."

"అన్నావు. యేసయ్య గురించి. దానికి పిట్ట ఇంకా ఏడ్చింది."

"నేనేం అన్నాను? పిట్టా, ఏం అన్నానమ్మా? చెప్పు, ఏమీ అనను."

"ఆ గోడ మీద, యేసయ్య ఒళ్ళో పిల్లలున్న బొమ్మ చూపించి అన్నారు. క్షమించని పిల్లల్ని యేసయ్య ఒళ్ళో కూర్చోబెట్టుకోడన్నారు. ఈ పిల్లలందరూ ఉంటారు, నువ్వు మాత్రం ఉండవన్నారు."

"అలా అన్నానా?"

"వేలు పెట్టి చూపించారు కూడా. అందుకే చెప్పకూడదు. చెల్లని మాట అందరి ముందూ చెబితే అబద్ధమవుతుంది. చర్చిలో అబద్ధం చెబితే ఇంక అసలే ఉండను."

"ఈ వారమంతా ఇదే ఆలోచిస్తున్నావా?"

"పడుకునేటప్పుడే."

"మీ అమ్మతో చెప్పలేదా?"

"చెబితే అమ్మకి తెలిసిపోతుంది కదా."

"ఏం తెలుస్తుంది?"

"నేను యేసయ్య దగ్గర ఉండనని. అమ్మా, నాన్నా, తాతయ్యా అందరూ ఉంటారు. అమ్మ నన్ను వెతుక్కుంటుంది. మీరు ఏడుస్తున్నారా టీచర్?"

"లేదు. జిగురు వాసనకి."

"సిస్టర్, పాటైపోయింది. పాస్టరుగారు మైకు పట్టుకున్నారు. పిల్లల్ని పంపేయండి."

"ఆగమనండి బ్రదర్."

"ఏమని చెప్పమంటారు? జనం మెడలు తిప్పి తిప్పి చూస్తున్నారు."

"టీచరుకి పాఠం రాలేదని చెప్పండి. ఇప్పుడే నేర్చుకుంటోందని చెప్పండి."

"అందరి ముందూ అలాగే చెప్పమంటారా?"

"అలాగే చెప్పండి. తలుపు వేసెళ్ళండి. పిట్టా, ఇటు చూడమ్మా. నా మొహంలోకి చూడు. నేనన్నది తప్పు. ఆ పది లెక్క నేను పెట్టింది, యేసయ్య పెట్టింది కాదు. పది దాటినా చెల్లుతుంది. మెట్ల మీద చెప్పినా చెల్లుతుంది. నువ్వు చెప్పు పట్టీ పెట్టావు చూడు, నోటితో ఏమీ అనకపోయినా అదొక్కటీ చెల్లేది."

"మరి ఒళ్ళో?"

"అందరికంటే ముందు నువ్వే ఉంటావు. నేను చెప్పింది అబద్ధం. యేసయ్య పేరు పెట్టి నిన్ను భయపెట్టాను."

"ఎందుకు టీచర్?"

"ఎందుకంటే... నీ గొర్రెని పాడుచేసింది నా కూతురు. పిల్లలంతా నా వైపే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. గబగబా అయిపోతే చాలనుకున్నా. నువ్వు ఏడుస్తూ ఉంటే అవ్వట్లేదని నీ మీద కోపమొచ్చింది. తప్పు మా ఇంటిది, కోపం నీ మీద."

"మా ఇంట్లో కూడా అంతే. నాన్న చెయ్యి తగిలి పాలు ఒలికితే నన్ను అరుస్తాడు."

"మీ నాన్న సారీ చెబుతాడా?"

"గుడ్డ పెట్టి తుడుస్తాడు."

"నేను అది కూడా చెయ్యలేదు. సారీ పిట్టా. నన్ను క్షమిస్తావా?"

"చెయ్యి చాపాలి టీచర్."

"ఇదిగో, చాపాను."

"అమ్మా, నేను లెక్కపెట్టనా?"

"వద్దు బంతీ. ఇంక మన క్లాసులో ఆ రూలు లేదు."

"పాపం, పిట్టకి మాత్రమేనా రూలు? నీకూ ఉండాలి. ఒకటి, రెండు..."

"బంతీ, నోరు మూసుకో. కాదు, ఊరికే ఉండమ్మా. పిట్టా, నీకెప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడే చెప్పు. ఇవాళ అనిపించకపోతే ఇవాళ వద్దు. అక్కడ అందరి ముందూ ఏమీ చెప్పక్కర్లేదు, తోక లేని గొర్రెని కూడా పట్టుకోవక్కర్లేదు."

"మీరెక్కడికి వెళ్తున్నారు?"

"ఆ మూలకి. నువ్వు చెప్పేదాకా అక్కడ నిలబడతాను."

"గొడుగులు ఇవాళ కూడా తడిగా ఉన్నాయి టీచర్."

"ఉండనీ."

"చీర తడుస్తుంది."

"తడవనీ."

"...ఎనిమిది, తొమ్మిది, పది. అమ్మా, పదైపోయింది. పిట్ట చెప్పలేదు."

"ఇంకా అవలేదు బంతీ, నీకు పది దాకానే వచ్చు, నాకు వంద దాకా వచ్చు. టీచర్, అక్కడ కాదు, ఇటొచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. నేను మీ ఒళ్ళో కూర్చుని లెక్కపెడతా."