పాప ఎటు చూడాలి

వినికిడి పరీక్షల గది బయట ఇద్దరు తల్లులు కూర్చున్నారు. ఒకామె ఒళ్లో ఏడాదిన్నర పాప. రెండో ఆమె కొడుకు చెవి మిషన్లు సరిచేయించుకుంటూ లోపల ఉన్నాడు.

"పాపని అటు తిప్పి కూర్చోబెట్టావేంటమ్మా?"

"నా ఏడుపు దాని కంట పడకూడదని, అక్కా. పిలిస్తే పలకదని ఇన్నాళ్లూ కసిరాను, మొండిదన్నాను. వినపడదని నిన్ననే తెలిసింది."

"నేనైతే మావాడి వీపు మీద ఒక్కటిచ్చాను కూడా."

"ఆ దెబ్బని ఎలా మర్చిపోయారు?"

"మర్చిపోలేదు. వాడు మాత్రం నా మొహం చూస్తూనే మాటలు నేర్చుకున్నాడు. నువ్విలా దాక్కుంటే అది ఎవర్ని చూస్తుంది?"

"ఈ ఏడుపు మొహాన్నా?"

"దానికున్న అమ్మ మొహం అదే కదా."

పాప తల్లి పాపను తనవైపు తిప్పుకుంది. పాప ఆ తడి చెంపను తాకి, పెదాలకేసి చూసింది.

"తప్పయిపోయింది తల్లీ," అంది ఆమె, ప్రతి అక్షరం పెదాల మీద కనిపించేలా.