మేడమ్ జారిపడలేదు

ఎస్సై గారూ, నా పేరు, చిరునామా మీరు నిన్ననే రాసుకున్నారు. వయసు నలభై ఆరు. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. ఇంట్లో నేను, నా భార్య, పదిహేడేళ్ల మా అమ్మాయి ఉంటాం.

నిన్న సాయంత్రం ఒక బట్టల కొట్టు డాబా మీద ఏసీ బిగిస్తున్నాను. ట్యూషన్‌లో ఉండాల్సిన మా అమ్మాయి ఎదురు మేడలోకి వెళ్లడం కనిపించింది. అటూ ఇటూ చూసి మరీ వెళ్లింది. ఎవడో కుర్రాడి కోసమే అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. పని సగంలో వదిలేసి, స్క్రూడ్రైవర్ చేతిలో ఉండగానే దిగాను. కొట్టు యజమాని పిలుస్తున్నా పలకలేదు.

రెండో అంతస్తులో ఒక్క గదిలోనే లైటు వెలుగుతోంది. యువతకు, కుటుంబాలకు కౌన్సెలింగ్ అని తలుపు పక్కన బోర్డు ఉంది. చదివాను. బోర్డు చూడలేదని నిన్న మీతో అన్నది అబద్ధం.

లోపల మా అమ్మాయి మాట్లాడుతోంది. తలుపు తట్టకుండా నిలబడి విన్నాను. నాన్న బండి చప్పుడు కాగానే అమ్మ టీవీ కట్టేస్తుందని, తను ఏదో ఒక పుస్తకం తెరుస్తుందని చెబుతోంది. ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుందట. చెప్పి నవ్వింది. ఇంకెవరో కూడా నవ్వారు. అది నా భార్య నవ్వేనని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. తలుపు తోసుకుని వెళ్లాను. ఇంటి పరువు బజారుకీడుస్తారా అని అరిచాను. నా భార్య జబ్బ పట్టుకుని లాగాను. కౌన్సెలర్ మేడమ్ మధ్యకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"కూర్చోండి. మిమ్మల్నీ తీసుకురమ్మని నేనే అడుగుతున్నా. వీళ్లే భయపడుతున్నారు," అంది.

భయం అన్న మాట పడలేదు నాకు. రెండు చేతులతో తోశాను. ఆవిడ బల్ల అంచు మీద పడింది. మణికట్టు విరిగిందని తర్వాత తెలిసింది. స్క్రూడ్రైవర్ అప్పటికి చేతిలో లేదు. ఎక్కడ పడేశానో గుర్తులేదు.

నా భార్య వంగి, కింద పడ్డ కాగితాలు ఏరడం మొదలుపెట్టింది. ఇంట్లో కూడా అంతే చేస్తుంది. ఇంట్లో కూడా అంతే.

మా అమ్మాయి మేడమ్‌ని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇక మేడమ్‌కి నేను చెప్పాల్సిందేం లేదు నాన్నా," అంది.

నా అరుపులు విని కింది దుకాణం వాళ్లు మీకు ఫోన్ చేశారు. మేడమ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లడంతో ఆవిడ వాంగ్మూలం మీరింకా తీసుకోలేదు. మేడమ్ జారిపడిందని నేను స్టేషన్‌లో చెప్పాను. మీరు నా భార్యను అడిగారు. ఆమె ముందు నా మొహం చూసింది. తర్వాత జారిపడిందనే చెప్పింది. గచ్చు తడిగా ఉందని కూడా కలిపింది. ఆ గదిలో చుక్క నీళ్లు లేవు.

మా అమ్మాయి మాత్రం నాన్నే తోశాడంది. కన్నతండ్రి మీద చెబుతున్నావు, ఆలోచించుకోమని స్టేషన్ రైటర్ గారు అన్నారు.

"ఆలోచించే చెబుతున్నా సార్. రాసుకోండి," అంది. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఇద్దరు పెద్దవాళ్లం కలిసి దాన్ని అబద్ధాలకోరును చేసి వదిలేశాం.

ఈ ఉదయం ఎవరూ పిలవకుండానే వచ్చాను. నిన్న నేను చెప్పింది కొట్టేయండి. నా భార్య నన్ను కాపాడాలని అలా చెప్పలేదు, నాకు జడిసి చెప్పింది. ఆమెను ఏమీ అనకండి. మా అమ్మాయి చెప్పింది అక్షరాలా జరిగింది.

రాసినదంతా రైటర్ గారు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. తోశాడని చెప్పిన సాక్షికి ఏమవుతారని చివర్లో అడిగారు. తండ్రినని రాయించాను.

(సంతకం)