అడగనిదే కోయని చేయి

1988 జూన్ 6వ తేదీ సోమవారం ఉదయం ఈ నీటి మీటర్ల కర్మాగారపు జీతాల విభాగంలో గుమాస్తాగా అడుగుపెట్టి, ఈ నెలాఖరున అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన కోతమ్మగారికి ఈ నాలుగు మాటలు సగౌరవంగా సమర్పితం. ఆ పేరు కన్నవారు పెట్టింది కాదు. జీతంలోంచి ఏది కోసినా కిటికీ వెనుక వారే కనబడేవారు గనుక కార్మికులు కొంత ముద్దుగా, కొంత కసిగా పెట్టుకున్నది. నొచ్చుకోకపోగా, ఫోను ఎత్తి "ఆఁ, కోతమ్మనే, చెప్పండి" అనేవారు.

లెక్కల్లో నిక్కచ్చితనానికి పేరుపొందుతున్న ఆ తొలి సంవత్సరాల్లోనే వారి తమ్ముడికి కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయింది. "దీనికి మందు ఇంకా కనుక్కోలేదమ్మా" అన్నారు వైద్యురాలు. ఆ 'ఇంకా'ను పట్టుకున్నారు కోతమ్మగారు. ఇక పట్టు వదలలేదు. యాజమాన్యం వెంటపడి ఒప్పించి, ఇష్టమున్నవారి జీతంలోంచి ప్రతినెలా కొంత మొత్తం ఆ వ్యాధిపై పరిశోధన జరిపించే సేవాసంస్థకు చేరే ఏర్పాటు చేశారు. ఏటా ఒకసారి ప్రతి యంత్రం దగ్గరకూ, ప్రతి బల్ల దగ్గరకూ స్వయంగా వెళ్లి, "ఈ ఏడాది ఆపేయమంటారా?" అని అడిగేవారు. విరాళం కోరేవారెవరూ అలా అడగరని మేమెంత మొత్తుకున్నా వినలేదు.

కొన్నేళ్లకు, అందరూ ఆశపెట్టుకున్న ఒక మందు రోగులపై ప్రయోగంలో విఫలమైందని ఆ సంస్థ తెలియజేసింది. కొన్నాళ్లు గుట్టుగా ఉంచుదామని పైవారు సూచించినా, కోతమ్మగారే ఆ వార్తను నోటీసు బోర్డుకు అంటించారు. మీటర్లు బిగించే విభాగపు ఫోర్‌మన్ గారు అందరి ముందూ నిలదీశారు.

"మేం చెమటోడ్చిన సొమ్ము నీళ్లపాలు చేశారు కదమ్మా! ఇక్కడే జబ్బుపడ్డ ఏ పిల్లాడి చేతిలోనో పెట్టినా బాగుండేది."

"అదీ పెట్టండి, కాదనను. కానీ ఈ దారి కాదని తేల్చడానికి కూడా ఎవరో ఒకరు ఇవ్వాలి కదండీ. ఆపేయమంటారా?"

"ఆపేయండి!"

ఆపేశారు. సగం మంది ఆయన బాటే పట్టారు.

ఆ సగంలో స్టోర్సులో పనిచేసే కోతమ్మగారి శ్రీవారు కూడా ఉండటం విశేషం. ఇంట్లో రణరంగమే అనుకుంటూ బిక్కుబిక్కుమని వెళ్లిన ఆయనకు యథాప్రకారం భోజనం అందింది. ఆ ప్రస్తావన మాత్రం రాలేదు. ఆ మౌనం భరించలేక కొన్ని నెలలకే ఆయన జీతాల కిటికీ ముందు వరుసలో నిలబడి, "మళ్లీ మొదలుపెట్టు తల్లీ!" అని దణ్ణం పెట్టారు. "భోజనాల వేళండీ. రెండు తర్వాత రండి" అంటూ శ్రీమతిగారు కిటికీ మూసేశారు. వరుస వరుసంతా పగలబడి నవ్వింది. ఆయన బుద్ధిగా రెండు తర్వాత మళ్లీ వచ్చారు.

మూడేళ్ల క్రితం తమ్ముడు కన్నుమూశారు. కోతమ్మగారు సెలవు ముగించుకుని వచ్చిన రోజున ఫోర్‌మన్ గారే వారి బల్ల దగ్గరకు వెళ్లారు. ఎలా పలకరించాలో తెలియక, నోటికి వచ్చింది అడిగేశారు.

"అమ్మా... మీది ఆపేయమంటారా?"

"మావాడికి అందలేదండీ" అన్నారు వారు. "ఇంకెవరి తమ్ముడో ఉంటాడు కదా. నాది ఆగదు."

ఆ నెల నుంచి ఫోర్‌మన్ గారి జీతంలోనూ కోత మళ్లీ మొదలైంది.

తాము వెళ్లిపోయాక ఈ ఏర్పాటు ఏమైపోతుందోనన్నదే ఇటీవల వారి బెంగ. ఎవరినీ అడగనక్కర్లేకుండా కంప్యూటరే కోసేస్తుందని యాజమాన్యం భరోసా ఇస్తే, "అడక్కుండా కోస్తే అది జరిమానా అవుతుందండీ, దానం ఎలా అవుతుంది?" అని తెగేసి చెప్పారు. బల్లబల్లకూ తిరిగి అడిగే మనిషి దొరికేదాకా నిద్రపోలేదు, మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నది ఫోర్‌మన్ గారే.

కోతమ్మగారు శ్రీవారితో కలిసి ఆరోగ్యంగా, నిండుగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. ఎంతకాలమంటారా? ఆ వ్యాధికి మందు దొరికిందన్న కబురు వారి చెవిన పడేంత కాలం, ఆపైన ఇంకెంతో కాలం. ఆ కబురు కోసం ఇచ్చే చేతులు ఆగకుండా చూసే పూచీ మాది.