కోటా మిల్లు నిల్వ

“మాట మార్చకక్కా. రేపు ఢిల్లీలో బియ్యం మీటింగులో ఏటి చెప్తావ్?”

“ఏదో ఒకటి చెప్తాలే. అమ్మకి మాత్రలు తెచ్చావా?”

“తెచ్చాను. మళ్లీ మార్చేసావ్.”

బిలాస్‌పూర్ స్టేషన్లో ఢిల్లీ బండి బయల్దేరడానికి పది నిమిషాలుంది. కేంద్ర ప్రభుత్వంలో అధికారి అయిన సౌభాగ్య బోగీ తలుపు దగ్గర నిలబడి, సాగనంపడానికి వచ్చిన తమ్ముడు దిలీప్‌కి జవాబు వెతుక్కుంటోంది. ఊరికి దగ్గర్లోని కోటాలో అతను మేనేజరుగా ఉన్న బియ్యం మిల్లు నెల్లాళ్లుగా మూతపడి ఉంది.

“బియ్యం బయటి దేశాలకి పంపకూడదని ఒక్క కాయితం మీద రాసేసారు. బస్తాలు కుట్టే ఆడకూలీలు, మా రేజాలు, నలభై మంది ఇళ్లకెళ్లిపోయారు. ఆళ్ల గురించి ఎవరు చెప్తారక్కా?”

“పంపడం ఆపాక గోల్ బజార్లో బియ్యం ధర దిగిందా లేదా?”

“దిగింది.”

“మన ఇంట్లో పనిచేసే రాజశ్రీ ఆ బియ్యమే కొనుక్కుంటోంది. మరి ఆవిడ గురించి ఎవరు చెప్తారు?”

“అచ్ఛా, ఆవిడ కొనుక్కోవాలి. కోటాలో పండించినోడు ఊరికే ఇచ్చేయాలా?”

“అలా అన్లేదు.”

“అనక్కర్లేదు. మా బియ్యం కొనే ఆఫ్రికా వ్యాపారి మూడుసార్లు ఫోన్ చేసాడు. నాలుగోసారి చెయ్యలేదు. వియత్నాంలో కొనేసుకున్నాడంట. రేపు మీరు తలుపు తీసినా మళ్లీ వస్తాడా?”

“రాకపోవచ్చు.”

“తెలిసే మూసారా?”

“తెలిసే. బయట గిరాకీ ఉందని పంపేసి, ఇక్కడ చాలకపోతే? అప్పుడు మనకి అమ్మే దేశం ఉంటుందా? ఎవరి గోల పెద్దదైతే వాళ్ల మాట వినడం కాదురా. ముందు మన దగ్గర ఎంత ఉందో చూడాలి.”

“చూసారా మరి?”

“చూసాం. మిల్లుల్లో నిల్వ నెలనెలా పడిపోతోంది. అందుకే భయపడి మూసెయ్యమన్నాను.”

“అన్నారు, అను.”

“అన్నాను. ఆ నోట్ రాసింది నేనేరా.”

ఇంజను కూత వేసింది. దిలీప్ ఆమె పెట్టెను బోగీలోకి తోసి, చేతులు దులుపుకుని అక్కడే నిలబడ్డాడు.

“తిడితే తిట్టు. అలా చూడకు.”

“ఏ లెక్కలు చూసావక్కా?”

“మిల్లులు పంపినవే. మీ మిల్లూ పంపింది కదా.”

“పంపింది.”

“ఏంట్రా?”

“ఏం లేదు. లోపలికెళ్లి కూర్చో.”

“దిలీప్.”

“నిల్వ ఎక్కువ చూపిస్తే రేటు పడిపోతాదని మా సేఠ్ సగమే రాయమన్నాడు. చుట్టుపక్కల చాలామంది అంతే. మా మిల్లుది రాసి పంపినోణ్ణి నేనే.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏడాది.”

“అయితే గోదాంలో…”

“నిండా ఉంది. పురుగు పడతాంది.”

ఆ నోట్‌లో ప్రతి వాక్యాన్నీ సౌభాగ్య రెండేసిసార్లు సరిచూసుకుంది. అంకెలను మాత్రం నమ్మింది.

“ఈ మాట రేపు అక్కడ చెప్పాలి.”

“చెప్పు.”

“నేను చెప్తే తమ్ముడి మిల్లు కోసం అంటోందనుకుంటారు.”

“నేను చెప్తే ఉద్యోగం పోతాదక్కా.”

“ఇప్పుడుందా?”

పచ్చజెండా ఊగింది. ఆమె తలుపు దగ్గర నుంచి ఒక అడుగు లోపలికి జరిగి, చోటిచ్చింది.

“టిక్కెట్టు సంగతి తర్వాత చూద్దాం. ఎక్కు.”