ముంగటి జాగా

హైదరాబాదులో పరిశోధన చేసే భర్త మోత్కూర్‌లో బస్సు ఎక్కడానికి బయలుదేరుతున్నాడు. సద్ది మూట కడుతున్న భార్య, వాకిట్లో కందులు చెరుగుతున్న అత్తకు వినపడకుండా అడిగింది.

“కండ్లకు కానరాని పురుగులల్ల ఏం దేవులాడుతున్నవ్?”

“అది బాక్టీరియా. దాని పనులన్నీ జీన్లల్ల రాసి ఉంటయి. ఒక ఎంజైము వాటి నకలు తీస్తెనే పని నడుస్తది. అది యాడవడితె ఆడ మొదలువెట్టదు. జీను ముంగట ప్రమోటర్ అని ఒక జాగా ఉంటది, ఆడ కూసొనే సురువు జేస్తది.”

“ఆ జాగా చెడిపోతే?”

“జీను ఉన్నది ఉన్నట్టే ఉంటది. నకలు తీసుడే సాగదు.”

“నా సంగతి గూడ గంతే. పట్నం తోలుకపోత అని మూడేండ్ల సంది నాకే చెప్తున్నవ్. మీ అమ్మ దగ్గర ఒక్కనాడన్న మాటెత్తినవా?”

“నువ్వే అడుగరాదు?”

“కోడలు అడిగితే మొగని ఎంట పడ్డదంటరు. కొడుకే ఎత్తాలె.”

“ఏమని ఎత్తాలె?”

“గంత సదువుకున్నోనికి నేను జెప్పాల్నా? పోయి ఆమె పక్కన కూసో. మాట అదే వస్తది.”

“బస్సు పోతది.”

“పోనియ్యి. నాలుగు నెలలకు రెండు దినాలు కనవడుతవు. ఇంకొక్క దినం కనవడితె నాకేం బరువు?”